పేరుపాలెంలో నాలుగు పూటలు

పదేళ్ళ కాపురంలో సురేష్‌బాబు భార్యనీ కూతుర్నీ ద్వారకా తిరుమల దాటించి ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. పామాయిల్ తోటకి పండగా పబ్బం ఉండదనేవాడు. పది రోజులకోసారి గెలలు కోయించాలి, ట్రాక్టరుకెత్తించాలి, బోర్లు చూసుకోవాలి. అలాంటి మనిషి, ఒంటిపూట బళ్ళు మొదలైన వారంలో ఒక పొద్దున, పెసరట్టు తుంచుకుంటూ, "ఈ శనాదివారాలు పేరుపాలెం సముద్రానికి వెళ్ళొద్దాం" అన్నాడు.

హేమశ్రీ చేతిలో అట్లకాడ అలాగే ఆగిపోయింది.

"ఎవరెవరం?"

"మనం ముగ్గురం. నాన్న."

"మామయ్యగారా? ఆ మోకాళ్ళతో ఇసకలో నడవగలరా?"

"నడవడమెందుకు? కూర్చుని గాలి పీల్చుకుంటారు. తెలిసినవాళ్ళ ఇల్లొకటుంది. వంట కూడా వాళ్ళే చేసిపెడతారు."

'తెలిసినవాళ్ళు' అన్నప్పుడు అతను పళ్ళెంలోంచి తలెత్తలేదు.

ఎనిమిదేళ్ళ దుర్గాశ్రీ మాత్రం అప్పుడే గవ్వలేరుకోవడానికి డబ్బా వెతుక్కోవడం మొదలుపెట్టింది. హేమశ్రీ కూడా సంతోషించాల్సిన మాటే. కానీ ఆమె కడుపులో రెండు నెలలుగా ఒక సంగతి ముల్లులా ఉండిపోయింది. రెండేళ్ళ నుంచి సురేష్‌బాబు వారం విడిచి వారం ఆదివారంపూట మోటారు సామాన్లకని భీమవరం వెళ్తున్నాడు. చీకటి పడ్డాక తిరిగొస్తాడు. కారులో కాళ్ళకింద పట్టా దులిపితే ఇసక రాలుతుంది. 'మోటార్ మెకానిక్' పేరుతో ఫోను వస్తే లేచి పశువుల పాక దాకా వెళ్ళి మాట్లాడతాడు. సంక్రాంతి వెళ్ళాక ఒక ఆదివారం అతను స్నానానికి వెళ్ళినప్పుడు ఆ ఫోను మోగితే హేమశ్రీ ఎత్తింది. అవతల ఆడగొంతు. "బయల్దేరారా అండీ? పాపాయి మీకోసం అన్నం తినకుండా కూచుంది." హేమశ్రీ "హలో" అనగానే ఫోను కట్టయిపోయింది.

"రాంగ్ నంబరయ్యుంటుంది" అన్నాడు సురేష్‌బాబు తల తుడుచుకుంటూ.

ఆ ఇంట్లో అడగకూడని సంగతులుంటాయని ఆమె కాపురానికొచ్చిన కొత్తలోనే తెలుసుకుంది. భర్తకి ఒక తమ్ముడున్నాడని, తండ్రితో మాటామాటా వచ్చి ఇల్లు వదిలిపోయాడని, గుజరాత్ వైపు ఏదో ఓడరేవులో ఉన్నాడని పనివాళ్ళు చెప్పుకోగా విని, ఒకసారి మామగారినే అడిగింది. అప్పాజీ పేపరు మడిచి పక్కన పెట్టి, "నాకు ఒక్కడే కొడుకమ్మా" అన్నారు. అంతే, మళ్ళీ ఆ ఊసు లేదు. పాలకొల్లులో ఆమెని చూసి, ఈ పిల్లే మా కోడలని పట్టుబట్టి తెచ్చుకున్నది ఆయనే. ఆమె మాటకి ఆ ఇంట్లో విలువుందంటే ఆయన వల్లే. అందుకని ఆయన వద్దన్న మాట ఆమె ఎత్తలేదు. ఈ ఫోను సంగతి కూడా అలాగే లోపల దాచుకుంది.

శనివారం తెల్లారగట్ల జంగారెడ్డిగూడెం నుంచి బయల్దేరారు. తాడేపల్లిగూడెం దాటేసరికి ఎండెక్కింది. భీమవరం తర్వాత రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే. మొగల్తూరు వెళ్ళాక గాలిలో ఉప్పు తగిలింది. సముద్రం ఇంకా కనపడకముందే సరుగుడు తోటలు వచ్చాయి. అక్కడ ఇసకదారి మూడుగా చీలింది. సురేష్‌బాబు కారు ఆపకుండా, ఎవర్నీ అడగకుండా, ఎడమ దారికి తిప్పాడు.

"దారి బాగానే తెలిసినట్టుందే" అంది హేమశ్రీ.

"ఫోన్‌లో చూశాగా."

ఫోను భీమవరం నుంచీ దుర్గాశ్రీ చేతిలో ఉంది. బొమ్మల ఆట ఆడుకుంటోంది. హేమశ్రీ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది.

తోట చివర రెండు గదుల పెంకుటిల్లు, ముందు వరండా. దాని వెనకే ఇంకో చిన్న డాబా ఇల్లు. కారు ఆగిందో లేదో ఆ డాబా లోంచి నాలుగేళ్ళ పిల్ల ఒకతి పరిగెత్తుకుంటూ వచ్చింది. గాలి హోరులో దాని కేకలో ముందు సగం వినపడలేదు. చివరి సగం హేమశ్రీకి స్పష్టంగా వినపడింది.

"...నాన్నా!"

సురేష్‌బాబు మోకాలు పట్టుకోబోయిన పిల్ల, అతను కళ్ళతో ఏదో చెప్పగానే ఆగిపోయి, వేలు నోట్లో పెట్టుకుంది. దాని వెనక తడిచేతులు చీరకొంగుకి తుడుచుకుంటూ ఒక ఆడమనిషి వచ్చింది. ముప్ఫై దాటి ఉండదు. ఎండకి కాగిన చామనఛాయ, ముక్కుకి ఎర్రరాయి ముక్కుపుడక.

"రండమ్మగారూ, రండి. ప్రయాణం బాగా జరిగిందా అండి? నా పేరు మరిడమ్మండి. ఏం కావాలన్నా నన్నడగండి." ఆ మాటలన్నీ హేమశ్రీతో అంటోంది గానీ చూపు అప్పాజీ మీదే ఉంది. ఆయన కారు దిగడానికి అవస్థ పడుతుంటే చప్పున ఒక ముక్కాలిపీట తెచ్చి కాళ్ళకింద వేసింది.

ఆ గొంతు హేమశ్రీ ఎక్కడో విన్నది. ఎక్కడ విందో గుర్తు తెచ్చుకోవడానికి పెద్దగా వెతుక్కోనక్కర్లేకపోయింది.

"పాపాయీ, అమ్మగారికి మంచినీళ్ళు తెచ్చియ్యి" అంది మరిడమ్మ.

పాపాయి. మీకోసం అన్నం తినకుండా కూచుంది.

మధ్యాహ్నం వరండాలో ఈతచాప వేసి నలుగురికీ విస్తళ్ళు పరిచింది మరిడమ్మ. టమాటా పప్పు, వేయించిన చందువా చేప ముక్కలు, చింతచిగురు వేసి వండిన మెత్తళ్ళనే చిన్నచేపలు. చేప గుడ్లతో చేసిన జన వేపుడు విడిగా గిన్నెలో తెచ్చి అందరికీ వడ్డించింది. సురేష్‌బాబు విస్తరి దగ్గరికొచ్చేసరికి గరిటె ఆగకుండానే దాటిపోయింది. అతను వద్దనలేదు, ఆమె అడగనూ లేదు.

అతనికి జన గిట్టదని హేమశ్రీకి పెళ్ళైన మూడో ఏడుగాని తెలియలేదు.

"అమ్మాయ్" అన్నారు అప్పాజీ రెండో ముద్ద దగ్గర ఆగి. "ఈ చింతచిగురులో వేయించిన నువ్వులపొడి వేశావా?"

"ఆయ్, వేశానండి."

"ఎవరు నేర్పారు?"

"మా ఇంటాయన చెప్పారండి. వాళ్ళమ్మగారు అలా వండేవారంట."

"ఏం చేస్తాడు మీ ఆయన?"

"పడవల ఇంజన్లు బాగుచేస్తారండి. అంతర్వేది రేవుకెళ్ళారు. రేపొస్తారండి." ఈ మాట చెప్తూ ఆమె ఒకసారి సురేష్‌బాబు వైపు చూసింది. అతను వంచిన తల ఎత్తలేదు.  అప్పాజీ ఎన్నడూ లేనిది మారు అన్నం అడిగి పెట్టించుకున్నారు.

సాయంత్రం పిల్లలిద్దరూ నీళ్ళలో దిగారు. అప్పుడే పరిచయమైన పిల్లలు ఒక గంటలో అంత కలిసిపోవడం హేమశ్రీ ఎప్పుడూ చూడలేదు. ఒడ్డున ప్లాస్టిక్ కుర్చీలో మామగారు, పక్కన ఇసకలో తను. ముందు అల దగ్గర సురేష్‌బాబు ఒక చేత్తో దుర్గాశ్రీని, ఇంకో చేత్తో పాపాయిని పట్టుకుని నిలబడ్డాడు. జుట్టు తడిసి నెత్తికి అంటుకుపోతే పిల్లలిద్దరి చెవులూ బయటపడ్డాయి. డొప్పల్లా ముందుకు వాలిన చెవులు. వెనకనుంచి చూస్తే ఒకటే అచ్చు. మధ్యలో ఉన్నవాడి చెవులూ అవే.

ఆమె చూపు తిప్పుకుని కొంగు తల మీదకి లాక్కుంది.

"ఏంటమ్మా, అలా ఉన్నావు?" అన్నారు అప్పాజీ.

"ఎండండి మామయ్యగారూ."

"పొద్దు వాలిపోతేనూ" అన్నారాయన. ఆయన కూడా ఆ ముగ్గురి వైపే చూస్తున్నారు.

పిల్లల తలలు తుడవడానికి తువ్వాలు కోసం ఇంటికొచ్చిన హేమశ్రీకి డాబా వెనక దండెం కనపడింది. చీరలు, పిల్లగౌన్లు. వాటి మధ్య నీలం గళ్ళ చొక్కా. జేబు మీద బట్టల సబ్బుకి వెలిసిన మరక, కింది నుంచి రెండో గుండీ తెల్లది. ఆ తెల్ల గుండీ కుట్టింది తనే. ఆ చొక్కా ఏదని అడిగితే తోటలో పనిచేసే గంగయ్యకి ఇచ్చేశానన్నాడు సురేష్‌బాబు. ఆమె దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏడుస్తానేమోనని భయమేసింది.

చీకటి పడకముందే వరండాలో మళ్ళీ చాప పడింది. మావిడికాయ వేసిన చేపల పులుసు, అన్నం. అంతే. పులుసు వాసనకే దుర్గాశ్రీ చప్పట్లు కొట్టింది. హేమశ్రీ అన్నం కెలుకుతూ కూర్చుంది. మరిడమ్మ పులుసుగిన్నె పట్టుకుని వంగి, "బావ..." అని, నాలిక కరుచుకుని, "బాబుగారికి ఇంకొంచెం పులుసు వెయ్యమంటారా అండి?" అంది.

సురేష్‌బాబు చెయ్యి అడ్డం పెట్టాడు. బావ. మరదలయ్యే పిల్ల పిలిచే పిలుపు. హేమశ్రీ లేచి చెయ్యి కడిగేసుకుంది.

ఆ రాత్రి ఆమె అతనికి వీపు తిప్పి పడుకుంది. అడిగితే అబద్ధం చెప్తాడు. నిజం చెప్తే, పక్క గదిలో డెబ్భై రెండేళ్ళ మనిషి, కాళ్ళ దగ్గర పిల్ల. పాలకొల్లులో పుట్టింటికి ఇక్కణ్ణుంచి గంటన్నర దారి. దుర్గాశ్రీని తీసుకుని బస్సెక్కేద్దామా అని రెండుసార్లు లేచి కూర్చుంది.

ఆదివారం పొద్దున పెరుగు వేసి కలిపిన చద్దన్నం, ఉల్లిపాయ, కాల్చిన ఎండుచేప తెచ్చిపెట్టింది మరిడమ్మ. తిన్నాక గిన్నెలు తోముతున్న ఆమె దగ్గరికి వెళ్ళి నిలబడింది హేమశ్రీ.

"మీ ఆయన పేరేంటి?"

మరిడమ్మ పీచు ఆపింది. "మగడి పేరు చెప్పకూడదంటారు కదండి."

"నువ్వు ఫోన్లో వీడియోలు చూసుకుంటూ వండుతావు. మగడి పేరు చెప్పవా?"

 మరిడమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళు చూసి హేమశ్రీకి జాలి బదులు ఒళ్ళు మండింది.

మధ్యాహ్నం వంట దించే వేళకి చూస్తే సురేష్‌బాబు లేడు, మరిడమ్మా లేదు. పిల్లల్ని వరండాలో మామగారి దగ్గర కూర్చోబెట్టి హేమశ్రీ తోటలోకి నడిచింది. రాలిన సరుగుడాకు మీద అడుగుల చప్పుడు కాదు. తోటకి అవతల రేకుల షెడ్డు ఉంది. దాని పక్కనుంచి భర్త గొంతు వినపడింది.

"ఇంకొక్క పూట ఓపిక పట్టు, మరిడీ. భోజనాలయ్యాక నేనే చెప్పేస్తాను."

"ఆవిడకి ముందు చెప్పాలండి. నా మొహం ఎలా చూస్తున్నారో చూశారా మీరు? నేనేం పాపం చేశానండి?"

హేమశ్రీ షెడ్డు మలుపు తిరిగింది. 

"ఎన్నాళ్ళ నుంచి?"

సురేష్‌బాబు గిర్రున వెనక్కి తిరిగాడు. "హేమా, నువ్వనుకుంటున్నది కాదు."

"ఆ పిల్ల మిమ్మల్ని నాన్నా అంది. దండెం మీద మీ చొక్కా ఉంది. నేనేమనుకోవాలో మీరే చెప్పండి."

షెడ్డులో ఏదో ఇనుప సామాను కింద పెట్టిన చప్పుడైంది. మోచేతులదాకా గ్రీజు పూసుకున్న మనిషి గుమ్మంలోకి వచ్చాడు. సురేష్‌బాబు కంటే ఒక అంగుళం పొడుగు, బక్కపలచన. చెవులు మాత్రం డొప్పలే.

"పెదనాన్నా అందండి, వదినగారూ. నాన్నా అని కాదు" అన్నాడతను. "నేను లోకనాథ్‌నండి. ఆ చొక్కా నాకే ఇచ్చాడన్నయ్య."

హేమశ్రీ పక్కనున్న పాత పడవ అంచు మీద కూర్చుండిపోయింది.

తర్వాత ముగ్గురూ ఒకరి మాటకి ఒకరు అడ్డొస్తూ చెప్పారు. పదకొండేళ్ళ కిందట భీమవరంలో డిప్లొమా చదివేటప్పుడు లోకనాథ్, చేపల మార్కెట్లో తల్లితో కూర్చునే మరిడమ్మని ఇష్టపడ్డాడు. చేపల వేటకెళ్ళేవాళ్ళ పిల్ల మన గడప తొక్కడానికి వీల్లేదన్నారు అప్పాజీ. ఈమెనే చేసుకుంటానన్నాడు లోకనాథ్. అయితే నువ్వు నా కొడుకువి కావన్నారాయన. గుజరాత్ వెళ్ళింది నిజమే. అక్కడ వేటపడవల మీద ఆరేళ్ళు పనిచేసి, పాపాయి కడుపులో పడ్డాక మరిడమ్మ ఊరు వచ్చేశారు. రెండేళ్ళ కిందట సురేష్‌బాబుకి భీమవరంలో మోటారు షాపు దగ్గర తమ్ముడు ఎదురుపడ్డాడు.

"నాన్న ఈమె చేతివంట రెండు రోజులు తిని, పాపాయిని చూస్తే మెత్తబడతారనుకున్నాను" అన్నాడు సురేష్‌బాబు.

"రెండేళ్ళు" అంది హేమశ్రీ. "నాకు చెప్పలేదు."

"నువ్వు నాన్న మనిషివి కదా."

ఆమె అతని వైపు చూసింది. ఇంకో ఆడది ఉందని తెలిస్తే ఏడ్చి, అరిచి, వెళ్ళిపోవడానికి సిద్ధపడి ఉంది. ఇదెక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు. పదేళ్ళు ఒక కంచంలో తిన్న మనిషి, తనని చూసి జాగ్రత్తపడ్డాడు.

"భోజనం అయ్యేదాకా చెప్పకు, హేమా. నేనే చెప్తాను."

ఆమె సరేననలేదు, కాదనలేదు. లేచి వరండాకి నడిచింది.

అప్పాజీ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉన్నారు. దుర్గాశ్రీ గవ్వలు రంగుల వారీగా పేరుస్తోంది. పాపాయి ఆయన మోకాలికి ఆనుకుని నిలబడింది.

"అమ్మా హేమా, ఈ పిల్ల పేరేంటో తెలుసా నీకు?"

"పాపాయండి."

"అది ముద్దుపేరు. అంగన్‌వాడీలో ఏం రాశారే అని అడిగాను. నువ్వే చెప్పు పిల్లా."

"మాణిక్యాంబ" అంది పాపాయి, పద్యం ఒప్పజెప్పినట్టు.

జంగారెడ్డిగూడెంలో హాలు గోడ మీద దండ వేసిన పటం కింద ఉన్న పేరు అది. అప్పాజీ భార్య పేరు. పెద్దావిడ పేరు పెట్టుకున్న పిల్లని ఆ పేరుతో కసురుకోలేక పాపాయి అని పిలుచుకుంటారని హేమశ్రీకి ఇప్పుడర్థమైంది.

"వీడు నన్ను ఇంత దూరం లాక్కొచ్చాడంటే పొలం మీద సంతకమేదో పెట్టించుకోవడానికి అనుకున్నానమ్మా" అన్నారు అప్పాజీ. "నిన్న పొద్దున్నుంచి ఆ కాయితం ఎప్పుడు తీస్తాడా అని చూస్తున్నాను. నువ్వులపొడి తగిలినప్పుడు ఒకసారి మనసు అటు పోయింది. కాదులే అనుకున్నాను. ఇది ఎవరి పిల్ల?"

తోట వైపు నుంచి సురేష్‌బాబు వస్తున్నాడు, ఇంకా చాలా దూరంలో ఉన్నాడు. హేమశ్రీ అతను వచ్చేదాకా ఆగొచ్చు. వంట చూసొస్తానని లోపలికి పోవచ్చు.

"మీ చిన్నబ్బాయి కూతురండి" అంది. "ఆ వండిపెడుతున్నది మీ చిన్నకోడలు. ఆయన తోట అవతల షెడ్డులో ఉన్నారు."

అప్పాజీ పిల్ల భుజం మీద చెయ్యి మెల్లిగా తీసేశారు. కుర్చీ చేతులు పట్టుకుని లేచారు. ఎవరి సాయం పట్టకుండా, ఒక్కో అడుగే ఇసకలో వేసుకుంటూ కారు దగ్గరికి వెళ్ళి, ముందు సీట్లో కూర్చుని తలుపేసుకున్నారు. సురేష్‌బాబు పరిగెత్తుకొచ్చేసరికి, "ఇంటికి పద" అన్నారు అద్దం లోంచి.

సురేష్‌బాబు భార్య వైపు తిరిగాడు. "చెప్పేశావా?"

"అడిగారు. చెప్పాను."

అతను తిడతాడేమోననుకుంది. తిట్టలేదు. తాళాలు చేతిలో ఆడిస్తూ నిలబడ్డాడు.

"వంటయ్యింది. తినకుండా ఎవరం కదలం" అంది హేమశ్రీ. ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. అరగంట కిందట ఇక్కడి నీళ్ళు కూడా ముట్టకూడదనుకుంది.

మరిడమ్మ విస్తరి పళ్ళెంలో పెట్టి, అన్నం, పులుసు వడ్డించి కారు దగ్గరికి తీసుకెళ్ళింది. అద్దం ఎండకి తళతళమంటోంది. అప్పాజీ ఎదరకి చూస్తూ కూర్చున్నారు. చొక్కా చెమటకి తడిసిపోయింది.

"మామయ్యగారూ" అంది.

అద్దం నాలుగు వేళ్ళంత దిగింది. "నన్నలా పిలవకు."

"సరేనండి. పెద్దయ్యగారూ, అన్నం చల్లారిపోతుందండి. వేళకి తినకపోతే మీకు కడుపులో మంటొస్తుందంట. అందుకే పులుసులో కారం తగ్గించాను."

"ఎవరు చెప్పారు?"

"మీ అబ్బాయండి."

"ఏ అబ్బాయి?"

"ఇద్దరూ చెప్పారండి."

 మరిడమ్మ పళ్ళెం పట్టుకుని అలాగే నిలబడింది. దింపలేదు, ఒక అడుగు వెనక్కి వెయ్యలేదు. హేమశ్రీ దూరం నుంచి చూస్తూ, ఈ మనిషినా నేను నిన్నటినుంచి తిట్టుకున్నదీ అనుకుంది.

"వాడేడి?" అన్నారు అప్పాజీ చివరికి.

లోకనాథ్ సరుగుడు చెట్ల దగ్గరే ఆగి ఉన్నాడు. అన్నయ్య చెయ్యి ఊపితే కారు దగ్గరికొచ్చాడు. తండ్రి అతని మొహం చూడలేదు. చేతులు చూశారు.

"ఏంట్రా ఆ చేతులు?"

"ఇంజను విప్పాను నాన్నగారూ."

"కడుక్కుని రా."

అతను బోరింగు దగ్గరికి వెళ్ళి, సబ్బుతో ఒకసారి, బూడిదతో ఒకసారి మోచేతులదాకా తోముకున్నాడు. తిరిగొచ్చేసరికి కారు తలుపు తీసి ఉంది. అప్పాజీ కాళ్ళు బయట ఇసకలో పెట్టుకుని, సీటు మీదే పక్కకి తిరిగి కూర్చుని, మరిడమ్మ చేతిలోంచి పళ్ళెం అందుకున్నారు. లోకనాథ్ వంగి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, "ఇప్పుడు కాదు" అన్నారు. "కూర్చో. తిను."

అతను ఇసకలో కూర్చున్నాడు. ఎవరూ చెప్పకుండానే మిగతావాళ్ళూ తమ విస్తళ్ళు పట్టుకుని కారు నీడలోకొచ్చి కూర్చున్నారు. గాలికి ఇసక లేచి అన్నంలో పడుతుంటే పిల్లలు నవ్వారు.  మధ్యలో ఒకసారి అప్పాజీ, "ఇంకొంచెం పులుసు వెయ్యమ్మా" అన్నారు. మరిడమ్మ గబుక్కున లేవబోయి గరిటె ఇసకలో పడేసుకుంది.

అంతకుమించి ఆ రోజు ఏమీ జరగలేదు. ఆయన ఇంటికి రమ్మనలేదు. వెళ్ళొస్తాననీ అనలేదు. కారు కదిలేటప్పుడు పాపాయి చెయ్యి ఊపితే, ఆయన చెయ్యి ఒడిలోంచి రెండంగుళాలు లేచి మళ్ళీ పడింది.

తాడేపల్లిగూడెంలో టీకి ఆగారు. తాతా మనవరాలూ కారులో కునుకు తీస్తున్నారు. సురేష్‌బాబు గ్లాసు అందిస్తూ, "కోపమా?" అన్నాడు.

"నిన్నటినుంచి నేనేమనుకుంటున్నానో మీకు తెలుసా?"

"తెలుసు. నీ మొహం చూస్తే తెలిసింది."

"తెలిసీ ఊరుకున్నారు."

అతను చేతిలో గ్లాసు తిప్పుతూ నిలబడ్డాడు. టీ చల్లారిపోయింది.

"ఇంకేమన్నా దాచారా నా దగ్గర?"

"ఏం లేదు. పిల్ల మీద ఒట్టు."

పిల్ల మీద ఒట్టెందుకు, మామూలుగా చెప్తే సరిపోదా అనుకుంది హేమశ్రీ. ఆ వారం అతని ఫోను మోగిన ప్రతిసారీ తలెత్తి చూసింది. చూస్తున్నానని తెలిసి తనమీద తనకే చిరాకేసింది. అయినా చూడకుండా ఉండలేకపోయింది.

ఉగాది వెళ్ళిన ఆదివారం ఆమె దుర్గాశ్రీని తీసుకుని బస్సులో పేరుపాలెం బయల్దేరింది. నేనూ వస్తానన్నాడు సురేష్‌బాబు. వద్దంది. గుమ్మం దాటుతుంటే అప్పాజీ పిలిచి ఒక సంచి చేతిలో పెట్టారు. తోట గట్టు మీది జీడిమామిడి చెట్ల పప్పు.

"ఎవరికని చెప్పమంటారు?"

"తినేవాళ్ళకి" అన్నారాయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని.

ఆ మధ్యాహ్నం తోడికోడళ్ళిద్దరూ డాబా వంటింట్లో నేల మీద కూర్చున్నారు. లోకనాథ్ రేవులో ఉన్నాడు, పిల్లలు తినేసి తోటలోకి పరిగెత్తారు. ఎండురొయ్యలు వేసిన వంకాయ కూర, అన్నం. ఒకే గిన్నెలోంచి ఇద్దరూ వేసుకుంటున్నారు.

"మరిడమ్మా, ఒకటడుగుతాను. దాచకుండా చెప్పు" అంది హేమశ్రీ. "ఆయన ఇక్కడికొచ్చినప్పుడు నా గురించి ఏమనేవారు?"

మరిడమ్మ కొంచెం ఆలోచించింది. "నేనెప్పుడూ పోరేదాన్నండి అక్కా, మిమ్మల్ని కూడా తీసుకురమ్మని. 'మా ఆవిడకి అబద్ధం చెప్పడం చేతకాదు మరిడీ. నాన్న అడిగితే నోరు పెగలక నలిగిపోద్ది' అనేవారు."

అది మెచ్చుకోలో, తప్పించుకోవడానికి చెప్పిన మాటో హేమశ్రీకి తేలలేదు. రాత్రికి ఇంటికెళ్ళాక అతన్నే అడుగుదామనుకుంది. అడిగితే వచ్చే జవాబుని నమ్మగలనా అనీ అనుకుంది. మరిడమ్మ గిన్నె వంచి, అడుగున మిగిలిన కూరని సగం ఆమె కంచంలో, సగం తన కంచంలో వేసింది. ఇద్దరూ అన్నం కలుపుకున్నారు.